ఏడాది నిండిందా, మరి ఇంకా ఎందుకు ఆగారు?

పోయిన సంచికలో స్టూడెంట్ వీసాల గురించి రాశాక ఈసారి మెయిల్ బాక్స్ నిండా అసైలం, రెఫ్యూజీ ప్రశ్నలే వచ్చాయి, అదీ చాలామంది పేరు రాయకుండానే. ఎందుకో నాకు తెలుసు. హెచ్1బీ గురించి గుళ్ళో ప్రసాదం తింటూ కూడా మాట్లాడుకుంటాం కానీ అసైలం అన్న మాట వచ్చేసరికి మనవాళ్ళ గొంతు తగ్గిపోతుంది, పక్కింటి వాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారో అన్న భయం. అలా దాచుకుని దాచుకుని ఎవరో చెప్పిన సగం సగం మాటలు నమ్మి నష్టపోయిన వాళ్ళని ఎంతమందిని చూశానో. నేను లాయర్ని కాదు, న్యూజెర్సీలో ఒక లీగల్ ఎయిడ్ ఆఫీసులో గవర్నమెంట్ గుర్తింపు ఉన్న ప్రతినిధిగా పద్నాలుగేళ్ళ నుంచి ఈ ఫారాలే నింపుతున్నా. ఇక్కడ రాసేది దారి తెలియడానికి మాత్రమే, మీ ఫైలు చూసి చెప్పే సలహా వేరే ఉంటుంది. ఊళ్ళ పేర్లు తప్ప ఇంకే వివరాలూ వెయ్యట్లేదు.

ముందు ఒక్క ముక్క చెప్పేసి మొదలుపెడతా. రెఫ్యూజీ అంటే అమెరికా బయట ఉండగానే శరణార్థిగా ఒప్పుకుని తీసుకొచ్చిన మనిషి. అసైలం అంటే ఇక్కడికి వచ్చాక, లేదా బోర్డర్ దగ్గర, నాకు నా దేశంలో ప్రాణభయం ఉంది అని అడిగి తెచ్చుకున్నది. రెండూ 1980 రెఫ్యూజీ యాక్ట్‌తో గట్టిపడ్డ దారులే, రెండిటికీ గ్రీన్ కార్డ్ ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 209 కిందే వస్తుంది, కానీ రూల్స్ అక్కడక్కడ వేరు, ఆ తేడా దగ్గరే జనం కన్ఫ్యూజ్ అవుతున్నారు.

ప్రశ్న: నాకు 2024 జూన్‌లో ఇమిగ్రేషన్ జడ్జి అసైలం ఇచ్చారు. ఏడాది అయ్యాక గ్రీన్ కార్డ్ దానంతట అదే ఇంటికొస్తుందని రూమ్మేట్ అన్నాడు, ఇప్పటిదాకా ఏమీ రాలేదు. నేను బోర్డర్ దాటి వచ్చాను, మొదట్లో పర్మిట్ లేకుండా ఒక గ్యాస్ స్టేషన్లో పని కూడా చేశా. ఇవి రాస్తే రిజెక్ట్ చేస్తారా? ఫీజు కూడా చాలా ఎక్కువట. (ఒహాయో)

తమ్ముడూ, రాదు. దానంతట అది రాదు. ఐ-485 అనే ఫారం మీరే వెయ్యాలి, వెయ్యకపోతే పదేళ్ళైనా మీరు అసైలీగానే ఉంటారు. ఇప్పటికే మీరు చాలా నెలలు పోగొట్టుకున్నారు.

అసైలం ఇచ్చిన రోజు నుంచి అమెరికా గడ్డ మీద మొత్తం 1 సంవత్సరం ఉండాలి. మధ్యలో ఎక్కడికైనా బయటి దేశం వెళ్ళి ఉంటే ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారు. 2023 ఫిబ్రవరిలో యూఎస్‌సీఐఎస్, అంటే ఈ ఫారాలు చూసే ఇమిగ్రేషన్ ఆఫీసు, ఏం చెప్పిందంటే ఆ ఏడాది అప్లై చేసే రోజుకి కాదు, ఆఫీసర్ నిర్ణయం తీసుకునే రోజుకి పూర్తయ్యుంటే చాలని. అయినా నేను నా క్లయింట్లకి ఏడాది దాటిన మర్నాడే వెయ్యమని చెప్తా, ముందే వేసి అనవసరంగా ఎవిడెన్స్ అడిగే లెటర్ తెప్పించుకోవడం ఎందుకు. మీకైతే ఆ గొడవే లేదు, ఏడాది ఎప్పుడో దాటింది.

బోర్డర్ సంగతి, గ్యాస్ స్టేషన్ సంగతి దాచకండి. ఉద్యోగం మీదో కుటుంబం మీదో గ్రీన్ కార్డ్ వేసేవాళ్ళకి దొంగతనంగా రావడం, పర్మిట్ లేకుండా పని చెయ్యడం పెద్ద అడ్డంకులే, కానీ సెక్షన్ 209 కింద వేసే అసైలీలకి ఆ అడ్డంకులు వర్తించవు. ప్రాణభయంతో పరిగెత్తే మనిషి వీసా స్టాంపు కోసం లైన్లో నిలబడలేడు కదా, చట్టం రాసినవాళ్ళకి ఆ మాత్రం తెలుసు. అలాగే గవర్నమెంట్ మీద భారం అవుతారా అని చూసే పబ్లిక్ చార్జ్ రూల్ కూడా మీకు లేదు. కానీ ఫారంలో అబద్ధం రాస్తే మాత్రం అది విడిగా ఇంకో తప్పు అవుతుంది, పైగా అసైలం కోర్టులో మీరు చెప్పిందంతా వాళ్ళ దగ్గర రికార్డు అయి ఉంటుంది. ఎప్పుడైనా పోలీస్ అరెస్ట్ అయ్యారా? తాగి డ్రైవ్ చేసిన కేసు, షాప్‌లిఫ్టింగ్ కేసు, కొట్టేశారు అనుకున్న కేసైనా సరే కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం, తీసుకుని అప్పుడు లాయర్‌కి చూపించి వెయ్యండి. కొన్నిటికి ఐ-602 అనే క్షమాపణ ఫారం ఉంది, మానవతా కారణాలు, కుటుంబం కలిసి ఉండటం లాంటివి చూసి ఇస్తారు.

ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి 1,440 డాలర్లు, తల్లితోనో తండ్రితోనో కలిపి వేసే 14 ఏళ్ళ లోపు పిల్లలకి 950. కట్టలేకపోతే ఐ-912 అనే ఫారంతో ఫీజు మాఫీ అడగొచ్చు, అడిగితే గ్రీన్ కార్డ్‌కి చెడ్డ మార్కు పడుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, మీకు పబ్లిక్ చార్జే లేనప్పుడు చెడ్డ మార్కు ఎక్కడిది. ఇంకోటి, 2025 అక్టోబర్ 28 తర్వాత కాగితం చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవట్లేదు, కార్డ్‌కైతే జి-1450, బ్యాంక్ అకౌంట్‌కైతే జి-1650 జత చెయ్యాలి. పాత చెక్ బుక్ పట్టుకుని పంపి నెల తర్వాత మొత్తం ప్యాకెట్ వెనక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఆ నెల పోయినట్టే.

మెడికల్ కూడా ఐ-485తో పాటే పెట్టాలి, ఐ-693 అంటారు, సివిల్ సర్జన్ అని లిస్టులో ఉన్న డాక్టరే చెయ్యాలి, మామూలు ఫ్యామిలీ డాక్టర్ చేస్తే చెల్లదు. కవర్ సీల్ చేసి ఇస్తారు, ఇంట్లో తెరవకండి.

ఇంక బర్త్ సర్టిఫికెట్. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు బదులు ఇనీషియల్స్, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, అసైలం ఆర్డర్‌లో ముందూ వెనకా తారుమారు, ఇది ప్రతి తెలుగు ఫైల్లోనూ చూస్తా. పేరు ఎక్కడెక్కడ ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. పుట్టినప్పుడు రిజిస్టర్ చెయ్యకపోతే మీ ఊళ్ళో ఎవరైనా చుట్టాలు మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో రికార్డు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, పెద్దవాళ్ళ అఫిడవిట్లు రెండు పంపిస్తే సరిపోతుంది. మీరు మాత్రం ఇండియన్ కాన్సులేట్‌కి వెళ్ళి అడగకండి, ఎందుకో కింద గుంటూరు అమ్మగారికి రాసిన జవాబులో చెప్పా.

ఒక్క మంచి మాట. 2005కి ముందు ఏడాదికి 10,000 మంది అసైలీలకే గ్రీన్ కార్డ్ అని పరిమితి ఉండేది, జనం ఏళ్ళ తరబడి లైన్లో ఉండేవాళ్ళు. 2005 రియల్ ఐడీ యాక్ట్‌తో అది తీసేశారు. కార్డ్ అప్రూవ్ అయినప్పుడు అసైలీలకి తేదీ 1 సంవత్సరం వెనక్కి వేస్తారు, అంటే 2026 నవంబర్‌లో అప్రూవ్ అయితే కార్డ్ మీద 2025 నవంబర్ ఉంటుంది, అక్కణ్ణించి 5 ఏళ్ళకి, ఇంకా 90 రోజులు ముందే, సిటిజెన్‌షిప్‌కి వేసుకోవచ్చు. కానీ వెనక్కి వేసేది ఒక్క ఏడాదే. మీరు ఊరికే ఆగిపోయిన నెలలు తిరిగి రావు.

ప్రశ్న: మా ఆయనకి 2022లో అసైలం వచ్చింది, నాకు ఆయన భార్యగా వచ్చింది. ఆయన తన గ్రీన్ కార్డ్‌కి వేసుకున్నారు, 2024లో వచ్చేసింది. నాది అడిగితే డబ్బుల్లేవు తర్వాత చూద్దాం అన్నారు. ఇప్పుడు విడాకులు ఇస్తాను, ఒక్క ఫోన్ చేస్తే నిన్ను ఇండియా పంపించేస్తారు అంటున్నారు. రెండు సార్లు చెయ్యి చేసుకున్నారు కూడా. పాప ఇక్కడే పుట్టింది, మూడేళ్ళు. నేను ఏం చెయ్యాలి అక్కా? (న్యూజెర్సీ)

చెల్లీ, మీ మెయిల్ చదివి నిద్రపట్టలేదు నాకు. ముందు ధైర్యం కోసం ఒకటి చెప్తా, ఆయన ఒక్క ఫోన్ చేస్తే మిమ్మల్ని ఎవరూ పంపించెయ్యరు. మీ అసైలీ స్టేటస్ మీ పేరు మీద ఉంది, అది ఆయన జేబులో ఉన్న వస్తువు కాదు. విడాకులు అయినా కూడా ఆ క్షణంలో అది రద్దు అయిపోదు, రద్దు చెయ్యాలంటే గవర్నమెంట్ మీకు నోటీస్ ఇచ్చి ఒక పద్ధతిలో చెయ్యాలి.

కానీ ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. భార్యగా వచ్చిన అసైలం మీద గ్రీన్ కార్డ్ ఇవ్వాలంటే అప్రూవ్ చేసే రోజుకి కూడా మీరు ఆయన భార్య అయి ఉండాలి. విడాకుల ఆర్డర్ ముందే వచ్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఆయన సిటిజన్ అయిపోయినా అంతే, ఆయన ఇంక శరణార్థి కాదు కాబట్టి ఆయన భార్యగా మీకు ఉన్న ఆ దారి పోతుంది, ఇది విని నమ్మలేనివాళ్ళే ఎక్కువ, భర్త సిటిజన్ అయ్యాడు ఇంక నాకేం ఢోకా అనుకుంటారు. అలాంటప్పుడు మీ పేరు మీద మీరే కొత్తగా ఐ-589 అనే అసైలం ఫారం వెయ్యాలి, దాన్ని నంక్ ప్రో టంక్ అంటారు, అంటే పాత తేదీ నుంచి లెక్కపెట్టి ఇచ్చేది. మామూలు రోజుల్లోనే అది నెమ్మది. 2025 డిసెంబర్ మొదట్లో వచ్చిన మెమోతో యూఎస్‌సీఐఎస్ అన్ని ఐ-589ల మీదా నిర్ణయాలు ఆపింది, కాబట్టి దాని మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకూడదు.

అందుకని ఈ వారమే మీ ఐ-485 వెయ్యండి. ఆయన సంతకం అక్కర్లేదు. అవును, అక్కర్లేదు. మీ ఐ-94 (అమెరికాలో మీ ప్రవేశం, స్టేటస్ చూపించే కాగితం), పెళ్ళి సర్టిఫికెట్, ఆయన అసైలం అప్రూవల్ కాపీ, లేదంటే కనీసం ఆయన ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ ఫైలు నంబర్), మీ మెడికల్, ఇవి కావాలి. డబ్బుల గురించి ఐ-912 వెయ్యండి, ఆయన జీతం చూసి రిజెక్ట్ చేస్తారేమో అని భయపడకండి, ఇంట్లో హింస ఉన్నప్పుడు ఆ విషయం ఫారంలోనే రాసే చోటు ఉంది. ఇంట్లో ఆ కాగితాలు ఉన్న చోటు మీకు తెలిస్తే ఫోన్లో ఫోటోలు తీసి ఆయనకి తెలియని కొత్త మెయిల్‌కి పంపుకోండి. ఉత్తరాలు వచ్చే అడ్రస్ ఆయన తెరవలేనిది ఇవ్వండి.

మీరు వేసిన ఐ-485 అప్రూవ్ అయ్యేలోపు ఆయన విడాకులు పూర్తి చేస్తే? అందుకే రెండో దారి కూడా ఇప్పుడే తెరిచిపెట్టాలి. ఆయనకి గ్రీన్ కార్డ్ ఉంది, మీ మీద చెయ్యి చేసుకున్నారు, కాబట్టి ఇంట్లో హింస పడ్డవాళ్ళ కోసం ఉన్న వావా అనే చట్టం కింద ఐ-360 అని మీ అంతట మీరే పిటిషన్ వేసుకోవచ్చు. విడాకులు అయిపోయినా, ఆ విడాకులకి ఈ హింసకి సంబంధం ఉంటే, 2 ఏళ్ళ లోపు వెయ్యొచ్చు. ఆ ఫైల్లో ఏముందో ఆయనకి చెప్పడానికి ఆఫీసర్లకి చట్టప్రకారం వీల్లేదు, ఆయన ఒక్కడే వచ్చి చెప్పిన చెడ్డ మాటలు పట్టుకుని మీ కేసు కొట్టెయ్యడానికి కూడా వీల్లేదు. చేయి చేసుకున్న తేదీలు, అప్పుడు ఎవరికి ఫోన్ చేశారు, డాక్టర్ దగ్గరికి వెళ్ళారా, అమ్మకి పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, అన్నీ దాచుకోండి. ఆయన ఇండియాలో ఫ్యామిలీ కోర్టులో కేసు వేసి అక్కడి అడ్రస్‌కి నోటీస్ పంపించే అవకాశం కూడా ఉంది, అమ్మావాళ్ళకి చెప్పి ఉంచండి, ఏ కోర్టు కాగితం వచ్చినా పక్కన పడెయ్యొద్దని.

మీరు న్యూజెర్సీలోనే ఉన్నారు కదా, మానవి అనే సంస్థ 1985 నుంచి ఇక్కడ దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే పనిచేస్తోంది, వాళ్ళకి ఫోన్ చెయ్యండి. రాత్రిపూట అయితే నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మళ్ళీ చెయ్యి ఎత్తితే 911. పాప అమెరికా సిటిజన్, ఆమె పాస్‌పోర్ట్ మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి అక్కడ అసైలం వచ్చింది, కులాంతరం పెళ్ళి గొడవలో ఇక్కడ వాడి మీద దాడి జరిగింది లెండి. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. అన్న రాకపోతే పీటల మీద కూర్చోనంటోంది. నాలుగు రోజులకి వచ్చి వెళ్ళడానికి లేదా? మమ్మల్ని అక్కడికి పిలిపించుకోవచ్చా? (గుంటూరు)

అమ్మా, నమస్కారం. మీ ప్రశ్నకి అవును అని రాయాలని నాకూ ఉంది, రాయలేను.

మీ అబ్బాయి అమెరికా గవర్నమెంట్‌కి ఏం చెప్పాడు? నా దేశంలో నాకు రక్షణ లేదు, అక్కడికి పోతే ప్రాణం పోతుంది అని. అలా చెప్పిన మనిషి పెళ్ళికి అని ఇండియన్ పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకుని నాలుగు రోజులు గుంటూరులో తిరిగి వస్తే, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ అడిగే మొదటి ప్రశ్న అదే, భయం అన్నావు కదా ఎలా వెళ్ళావు అని. చట్టంలోనే ఉంది, సొంత దేశం రక్షణని మళ్ళీ తనంతట తాను తీసుకుంటే అసైలం రద్దు చెయ్యొచ్చని. కాన్సులేట్‌కి వెళ్ళి పాస్‌పోర్ట్ అడగడం కూడా ఆ రక్షణ అడగడం కిందే చూస్తారు. గ్రీన్ కార్డ్ వచ్చాక కూడా ఈ ప్రశ్న పోదు, గ్రీన్ కార్డ్ వచ్చేసింది ఇంక ఫరవాలేదు అనుకుని వెళ్ళి సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూలో ఇరుక్కున్న వాళ్ళ ఫైళ్ళు నేను చూశా. పైగా, అమ్మా, దాడి చేసినవాళ్ళు అక్కడే ఉన్నారు కదా. పెళ్ళి అంటే ఊరంతా తెలుస్తుంది.

వేరే దేశం వెళ్ళడానికి మాత్రం దారి ఉంది. ఐ-131 వేసి రెఫ్యూజీ ట్రావెల్ డాక్యుమెంట్ తెచ్చుకోవాలి, అమెరికా వదలకముందే అప్లై చెయ్యాలి, 1 సంవత్సరమే చెల్లుతుంది, తర్వాత పొడిగించరు. ఏ దేశం వెళ్తున్నాడో ఆ దేశం ఆ పుస్తకం మీద వీసా ఇస్తుందో లేదో ముందు కనుక్కోవాలి. పెళ్ళయ్యాక కొత్త దంపతులతో పాటు మీరందరూ అక్కడికి వెళ్ళి కలుసుకోవచ్చు. పీటల మీద అన్న లేని లోటు తీరదు, నాకు తెలుసు. మా పెద్దమ్మ పోయినప్పుడు నేనూ వీసా లేక వెళ్ళలేకపోయాను, ఫోన్లో చూస్తూ కూర్చున్నా. అది వేరే బాధ, దీనికి సాటి కాదు, కానీ అమ్మాయికి నా మాటగా చెప్పండి, అన్నయ్య రాకపోవడం ప్రేమ లేక కాదు, ప్రాణం నిలబెట్టుకోవాలని.

మిమ్మల్ని పిలిపించుకోవడం ఇప్పుడే కుదరదు. అసైలం మీద తీసుకురాగలిగేది భార్యనో భర్తనో, 21 ఏళ్ళ లోపు పెళ్ళికాని పిల్లల్ని, అంతే. అమ్మానాన్నలకి ఆ లిస్టులో చోటు లేదు. మీ అబ్బాయి సిటిజన్ అయ్యాక ఐ-130 అనే కుటుంబ పిటిషన్ వేస్తే మీరు ఇమీడియట్ రెలెటివ్స్ కింద వస్తారు, వాళ్ళకి ఏటా ఇంతమందే అన్న కోటా ఉండదు. అందుకే ఇవాళ మీరు వాడికి ఫోన్ చేసినప్పుడు అడగాల్సింది టికెట్ గురించి కాదు, గ్రీన్ కార్డ్ ఫారం వేశావా నాన్నా అని అడగండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబం ఉంది. అమెరికా రాకముందు చాలా ఏళ్ళు మన హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్నారట, ఆయన మాతో హైదరాబాదీ ఉర్దూ మాట్లాడితే మా ఊరివాళ్ళలాగే అనిపిస్తుంది. 2024లో రెఫ్యూజీగా వచ్చారు, గ్రీన్ కార్డ్ గురించి ఎవరూ చెప్పలేదట. నేను ఫారం నింపి ఇవ్వొచ్చా? (టెక్సస్)

అడిగినందుకు చాలా సంతోషం బాబూ. ఇండియా 1951 రెఫ్యూజీ కన్వెన్షన్ మీద సంతకం పెట్టలేదు కాబట్టి బాలాపూర్‌లో వాళ్ళు ఎన్నేళ్ళున్నా వాళ్ళ చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి కార్డే, ఆ ఏళ్ళన్నీ ఎలా గడిచుంటాయో మనకి కాస్త తెలుసు.

రెఫ్యూజీలకి ఇది ఇష్టమైతే వేసుకునేది కాదు. అసైలీ వేసుకోవచ్చు అని ఉంది చట్టంలో, రెఫ్యూజీ అయితే ఏడాది అయ్యాక తప్పనిసరిగా గ్రీన్ కార్డ్ తనిఖీకి రావాలి అని ఉంది. ఐ-485 ఫీజు వాళ్ళకి సున్నా, కాబట్టి ఎవరైనా ఫీజు పేరు చెప్పి డబ్బులడిగితే మోసం. మెడికల్ కూడా మొత్తం అక్కర్లేదు, బయట దేశంలో చేయించుకున్నప్పుడు పెద్ద జబ్బు ఏదీ పట్టకపోతే టీకాల భాగం ఒక్కటే చాలు, చాలాచోట్ల కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళే చేస్తారు. కార్డ్ వచ్చినప్పుడు తేదీ వాళ్ళు అమెరికాలో దిగిన రోజు వరకూ వెనక్కి వెళ్తుంది, సిటిజెన్‌షిప్ 5 ఏళ్ళు ఆ రోజు నుంచే లెక్క.

అయితే ఇప్పుడు పరిస్థితి మామూలుగా లేదు. 2025 నవంబర్‌లో వచ్చిన ఒక మెమోలో 2021 జనవరి 20 నుంచి 2025 ఫిబ్రవరి 20 మధ్య వచ్చిన రెఫ్యూజీల కేసులన్నీ మళ్ళీ చూస్తామని, వాళ్ళ గ్రీన్ కార్డులు ఆపమని ఉంది. మీ పక్కింటివాళ్ళు ఆ తేదీల మధ్యే వచ్చారు. పైగా బర్మా 2025 జూన్ ట్రావెల్ బ్యాన్ లిస్టులో ఉంది, ఆ లిస్టు దేశాల వాళ్ళ అప్లికేషన్లు కూడా పైన చెప్పిన డిసెంబర్ మెమోలోనే ఆపారు. అన్నీ సవ్యంగా చేసి, ఏళ్ళ తరబడి తనిఖీలు దాటి వచ్చిన మనుషులని మళ్ళీ నిరూపించుకో అనడం అన్యాయమని నేను ఓపెన్‌గానే చెప్తా. కానీ ఆపారు కదా అని వెయ్యకుండా ఉండటం ఇంకా ప్రమాదం, ఏడాది దాటాక వెయ్యలేదన్న మాట వాళ్ళ మీదకే వస్తుంది. వెయ్యాలి, రసీదు దాచుకోవాలి, మళ్ళీ ఇంటర్వ్యూకి పిలిస్తే ఒంటరిగా వెళ్ళకూడదు.

ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 మీద అడ్రస్ మార్చాలి, ఆయన కొడుక్కి 18 నిండితే సెలెక్టివ్ సర్వీస్, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచే లిస్టు, రిజిస్ట్రేషన్ చెయ్యాలి, ఇవి చెప్పండి. ఫారం మాత్రం మీరు నింపొద్దు. వాళ్ళని తీసుకొచ్చిన రీసెటిల్‌మెంట్ ఏజెన్సీ ఆఫీసుకి మీ కార్లో తీసుకెళ్ళండి, అక్కడ గుర్తింపు ఉన్న ప్రతినిధి చేస్తారు. మీరు పక్కన కూర్చుని ఉర్దూలో అర్థం చెప్పినా అది పెద్ద సాయం.

ప్రశ్న: లేఆఫ్ అయ్యింది, ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి ఇచ్చే 60 రోజుల్లో 41 అయిపోయాయి. ఒక కన్సల్టెన్సీ అతను అసైలం వేద్దాం, ఆరు నెలల్లో వర్క్ పర్మిట్, తర్వాత గ్రీన్ కార్డ్ గ్యారంటీ అంటున్నాడు, కథ కూడా వాళ్ళే రాస్తారట. వెయ్యమంటారా? (డాలస్)

వద్దు. కథ వాళ్ళే రాస్తారు అన్నప్పుడే మీకు తెలిసిపోయి ఉండాలి నాయనా.

అబద్ధపు అసైలం వేశారని తేలితే ఫ్రివలస్, అంటే బూటకపు అప్లికేషన్, అని ముద్ర వేస్తారు, ఆ ముద్ర పడితే జీవితాంతం అమెరికాలో ఏ ఇమిగ్రేషన్ లాభమూ రాదు, రేపు సిటిజన్‌ని పెళ్ళి చేసుకున్నా రాదు. ఇంక గ్యారంటీ అన్న మాట, పెండింగ్‌లో ఉన్న అసైలం మీద గ్రీన్ కార్డ్ రాదు, అసైలం ఇచ్చాకే ఆ ఏడాది మొదలవుతుంది, ఇవ్వకపోతే స్టేటస్ లేనివాళ్ళని నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకి పంపిస్తారు. 2025 జూలై చట్టంతో అప్లికేషన్‌కి 100 డాలర్లు, పెండింగ్‌లో ఉన్న ప్రతి ఏడాదికి ఇంకో 100, మొదటి వర్క్ పర్మిట్‌కి 550 పెట్టారు, ఈ అంకెలు తర్వాత పెరుగుతూ ఉంటాయి. అతను తీసుకునే వేల డాలర్లు వేరే.

నిజంగా భయం ఉంటే అది వేరే మాట. మతం, జాతి, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గం, వీటి వల్ల మీకు ప్రాణహాని ఉంటే వెయ్యండి, సిగ్గుపడాల్సిన పనే లేదు. అమెరికా వచ్చిన ఏడాదిలోపు వెయ్యాలి, ఇన్నాళ్ళూ లీగల్ స్టేటస్‌లో ఉన్నవాళ్ళకి ఆ గడువులో కొంత వెసులుబాటు ఉంటుంది. ఇండియా కేసుల్లో తప్పకుండా అడుగుతారు, ఆ ఊళ్ళో భయమైతే చెన్నైలోనో పుణెలోనో ఎందుకు బతకలేవు అని, దానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి. లేఆఫ్ మాత్రం ఆ అయిదు కారణాల్లో లేదు. మిగిలిన 19 రోజుల్లో బి-2 విజిటర్ స్టేటస్‌కి మార్చుకోవడమో కొత్త ఎంప్లాయర్ ట్రాన్స్‌ఫర్ వెయ్యడమో చూడండి, ఇవాళే ఒక లైసెన్స్ ఉన్న లాయర్‌తో గంట మాట్లాడండి.

ప్రశ్న: నేను అసైలీని, వర్క్ పర్మిట్ కార్డ్ ఎక్స్‌పైర్ అయితే ఉద్యోగం పోతుందా? (అట్లాంటా)

పోకూడదు. అసైలం వచ్చినవాళ్ళకి పని చేసే హక్కు స్టేటస్‌తోనే వస్తుంది, కార్డ్ దానికి రుజువు మాత్రమే. ఏ షరతూ ముద్రించని సోషల్ సెక్యూరిటీ కార్డ్, స్టేట్ ఐడీ లేదా డ్రైవింగ్ లైసెన్స్, రెండూ కలిపి ఐ-9కి, అంటే పని చేసే హక్కు ఉందని ఎంప్లాయర్ సరిచూసే ఫారంకి, చూపిస్తే చాలు, ఏ కాగితం చూపించాలో హెచ్ఆర్ వాళ్ళు పట్టుబట్టకూడదు. 2025 డిసెంబర్ 5 నుంచి కొత్త కార్డులు 18 నెలలకే ఇస్తున్నారు కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

ప్రశ్న: నాకు అసైలం వచ్చి వచ్చే నెల 19కి 2 ఏళ్ళు. మా అమ్మాయి విజయవాడలో ఉంది, పోయిన ఏడాది 21 నిండింది కాబట్టి ఇంక కుదరదని ఒకాయన అన్నారు, సరే అని సంబంధాలు చూస్తున్నాం, ఒకటి దాదాపు ఖాయం అయింది. ఇప్పుడు ఇంకేమైనా దారి ఉందా? (చికాగో)

ఉందండీ, కానీ ముహూర్తం పెట్టించకండి, ముందు అది ఆపండి.

వయసు లెక్క ఇవాళ్టిది కాదు, మీరు ఐ-589 వేసిన రోజున అమ్మాయికి 21 నిండకపోతే ఆ వయసు అక్కడే ఆగిపోయినట్టు లెక్క. ఆ ఫారంలో అమ్మాయి పేరు రాశారో లేదో మీ కాపీ తీసి చూడండి. పెళ్ళి మాత్రం కాకూడదు. అమ్మాయి ఇక్కడికి వచ్చేదాకానే కాదు, వచ్చాక ఏడాది ఉండి తన గ్రీన్ కార్డ్ చేతికి వచ్చేదాకా. అబ్బాయివాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆగగలిగితే ఆగుతారు. ఆగలేకపోతే ఏం చెయ్యాలో అమ్మాయినే అడగండి, జీవితం ఆమెది.

వెయ్యాల్సింది ఐ-730, భార్యాభర్తల్ని, పిల్లల్ని రప్పించుకునే ఫారం, దానికి ఫీజు లేదు, అసైలం వచ్చిన 2 ఏళ్ళలోపు యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. గడువు దాటితే మానవతా కారణాలు చూపించి అడగొచ్చు కానీ అది వాళ్ళ దయ. 19వ తేదీ దాకా ఆగొద్దు. మీ అసైలం ఆర్డర్ కాపీ, అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, దానికి ఇంగ్లిష్ అనువాదం, అమ్మాయి ఫోటో, ఇవి ఈ శనివారానికి సిద్ధం చేసుకుని సోమవారం ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో పంపండి, సంతకం తీసుకునే డెలివరీ పెట్టించండి. ఒక్క కాగితం తక్కువైందని మొత్తం ఆపకండి, అది తర్వాత అడిగినా ఇవ్వొచ్చు, తేదీని మాత్రం తర్వాత ఇవ్వలేం. చేరిందన్న రసీదు రాగానే నాకు ఒక మెయిల్ పెట్టండి.